యాసంగికి ముందు వేయవలసిన నీటి లెక్క

జగిత్యాల జిల్లాకు ఉత్తరాన గోదావరి సరిహద్దుగా పారుతుంది. శ్రీరాంసాగర్ నుంచి బయలుదేరిన కాకతీయ కాలువ ఈ జిల్లా మీదుగానే దిగువ మానేరు జలాశయానికి చేరుతుంది. గోదావరి ఒడ్డునున్న బీర్పూర్ మండలానికి రోళ్లవాగు ప్రాజెక్టు అండగా ఉంది. ఇన్ని నీటి వనరుల నడుమ ఉండి కూడా ఈ ప్రాంతపు సేద్యం చివరికి ఆనుకొనేది నేల కింది నీటినే. కాలువ ఎక్కని ఎత్తు భూములకు బోరుబావి తప్ప వేరే దిక్కు లేదు. కాలువ కింది పొలాల్లో సైతం తడికీ తడికీ మధ్య ఎడం పెరిగిన ప్రతిసారీ చివరి ఆయకట్టు రైతు మోటరు పెట్టక తప్పదు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు చేలు, జగిత్యాల చుట్టూ మామిడి తోటలు, సిరిసిల్ల మెట్టల్లోని యాసంగి వరి మళ్లు చాలావరకు బోర్ల మీద బతుకుతున్నవే. రాష్ట్రంలో వ్యవసాయ విద్యుత్ కనెక్షన్లు 25 లక్షలు దాటాయంటే, కాలువలూ చెరువులూ కలిసి ఇచ్చే నీటికంటే బావుల నుంచి తోడుకొనే నీటిపైనే తెలంగాణ రైతు ఎక్కువగా ఆధారపడ్డాడని అర్థం.

గోదావరి పక్కనే ఉండగా బావులు ఎందుకు ఎండుతాయన్న సందేహం సహజమైనదే. నది తన ఒడ్డునున్న ఇసుక మేటలకూ, వాటిని ఆనుకొన్న కొద్దిపాటి భూమికీ నీరివ్వగలదు గాని, అంతకంటే ఎత్తున ఉన్న పొలాల కిందికి ఎగబాకలేదు. నిజానికి నేల కింది నీరే వాలును బట్టి మెల్లగా వాగులవైపు, వాగుల వెంట గోదావరివైపు కదులుతుంది. అందువల్ల నదికి ఎడంగా ఉన్న ఊరి బావిలో కనిపించే నీరు ఆ ఊరి మీద కురిసిన వానలో, ఆ ఊరి చెరువులో నిలిచిన నీటిలో, ఆ ఊరి పొలాల్లోకి వచ్చిన కాలువ నీటిలో ఇంకిన భాగమే తప్ప గోదావరి నుంచి వచ్చినది కాదు.

ఇక ఆ ఇంకిన నీరు ఎక్కడ నిలుస్తుందన్నది చూడాలి. నీటిని తనలో పట్టి ఉంచుకొని బావికి అందించగల రాతి పొరనో ఇసుక పొరనో నీటిపొర అనుకుంటే, తెలంగాణలో అత్యధిక ప్రాంతానికి ఉన్న నీటిపొర గ్రానైట్, నైస్ జాతి గట్టి రాళ్లలో ఏర్పడినది. ఆ రాయికి స్వతహాగా నీటిని పట్టే గుణం లేదు; లక్షల సంవత్సరాలుగా ఎండకూ వానకూ పై భాగం చివికి మొరంగా మారినచోట కొంత, దాని కింద గట్టి రాతిలో పగుళ్లు బారినచోట కొంత నీరు నిలుస్తుంది. బోరు వేసే రిగ్గు బండి దగ్గర నిలబడి చూస్తే ఈ నిర్మాణం మొత్తం కంటికి కనబడుతుంది. మొదట ఎర్రమట్టి, ఆపై మొరం పైకి వస్తాయి. ఈ వదులు పొర కూలి రంధ్రం పూడిపోకుండా గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించుతారు. ఆ తర్వాత సుత్తి రాతిని నలగగొడుతున్నంతసేపూ బూడిద రంగు దుమ్ము లేచి చుట్టుపక్కల చెట్ల ఆకుల మీద పేరుకుంటుంది. పగులు తగిలినప్పుడు ఆ దుమ్ము తడిసి, బురదై, వెంటనే గాలి ఒత్తిడికి నీరు ఎగజిమ్ముతుంది. ఆ ధారను బట్టి ఇంచు నీళ్లనీ, రెండించుల నీళ్లనీ చెప్పుకోవడం ఇక్కడి వాడుక. పగులు తగలకపోతే ఎంత లోతుకు పోయినా వచ్చేది దుమ్మే, మిగిలేది అప్పే. పక్క పొలంలో పడిన నీరు ఈ పొలంలో పడుతుందని ఎవరూ చెప్పలేకపోవడానికీ, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని జాడ చూసేవారి మీద రైతులు ఇప్పటికీ ఆశ పెట్టుకోవడానికీ ఈ అనిశ్చితే కారణం.

లోతు పెరిగితే నీరు పెరుగుతుందన్న నమ్మకం ఈ నేలకు సరిపడనిది, దానివల్ల జరిగిన నష్టమూ చిన్నది కాదు. గట్టి రాతిలో కిందికి పోయేకొద్దీ పగుళ్లు పలచబడతాయి. లోతైన పగుళ్లలో ఉన్న నీరు కూడా పైనున్న మొరం పొర నుంచి దిగినదే. పై పొర ఎండిన తర్వాత లోతుగా వేసిన బోరు కొత్త నీటిని పుట్టించదు, ఇరుగుపొరుగు బోర్లకు అందవలసిన నీటిని ముందుగా తానే లాగుతుంది. అందుకే ఒక ఊళ్లో ఒక రైతు అప్పు చేసి లోతు పెంచితే, రెండేళ్లలో ఆ చుట్టుపక్కల అందరూ అదే పని చేయవలసి వస్తుంది, ఊరి మొత్తానికి దొరికే నీరు మాత్రం ముందటంతే ఉంటుంది.

గట్టి రాతి నీటిపొర ఎంత చిన్నదో తెలియాలంటే ఒక లెక్క అవసరం. నీటితో నిండిన ఒక పొరను తోడినప్పుడు దాని పరిమాణంలో ఎంత భాగం నీరుగా బయటికి వస్తుందో దాన్ని నీటినిచ్చే శక్తి అంటారు. తీర ప్రాంతపు ఇసుకల్లో ఇది పది శాతం మించి ఉండగా, మన మొరం పొరలో సాధారణంగా ఒకటి నుంచి మూడు శాతం మధ్య ఉంటుంది. సగటున రెండు శాతం అనుకుంటే, ఒక ఎకరం కింద నీటిమట్టం మీటరు పెరగడమంటే 81 వేల లీటర్ల నీరు చేరడం. యాసంగిలో ఒక ఎకరం వరికి దాదాపు 1200 మిల్లీమీటర్ల నీరు పెట్టాలి, అంటే 48 లక్షల లీటర్లకు పైమాటే. మడిలో పెట్టిన నీటిలో సగం మళ్లీ నేలలోకి ఇంకుతుందని ఉదారంగా లెక్క కట్టినా, ఒక ఎకరం వరి పండాలంటే 30 ఎకరాల కింద ఉన్న మీటరు నీరు ఖర్చు కావాలి. మరోవైపు రాబడి చూస్తే, ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన కురిసే నేలలో, ఈ రకం రాతి ప్రాంతాల్లో నీటిపొరను చేరేది అందులో పదోవంతుకు అటూ ఇటూ మాత్రమే. ఆ వంద మిల్లీమీటర్లలోనే తాగునీరూ పశువుల నీరూ తోటల నీరూ అన్నీ జరగాలి.

ఈ రాబడికీ ఖర్చుకూ మధ్య పొంతన చెడిన క్రమం అర్థం కానిదేమీ కాదు. ఎడ్లతో మోట కొట్టిన రోజుల్లో బావి లోతునూ, తోడే నీటినీ ఎడ్ల సత్తువే నిర్ణయించేది. ఎండాకాలం బావి అడుగంటితే సాగు దానంతటదే తగ్గేది. కరెంటు మోటర్లు ఆ కట్టడిని తొలగించాయి, ఆపై బోర్లు వచ్చి వెడల్పాటి దిగుడు బావులను వట్టిపోయేలా చేశాయి, 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ రావడంతో తోడే నీటికి ధర అనేదే లేకుండా పోయింది. రాత్రివేళ విడతలు విడతలుగా వచ్చే కరెంటు కోసం చీకట్లో పొలానికి పోయి పాముకాటుకూ షాకుకూ బలయ్యే ప్రమాదం తప్పించుకొనేందుకు రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకొన్నారు. కరెంటు రాగానే మోటరును తనంతట తానే నడిపించే ఈ పరికరం, అవసరం ఉన్నా లేకపోయినా నీటిని తోడింది. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటా 24 గంటల ఉచిత విద్యుత్ మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లను తీసివేయాలని ప్రభుత్వం రైతులను కోరవలసి రావడం వెనుక ఉన్న ఆందోళన ఇదే. ఉచిత విద్యుత్తును తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మోటరు బిల్లు కట్టలేక కుంగిన రైతాంగానికి అది నిజమైన ఆసరా. అయితే ధర అనే కట్టడి పోయినచోట వేరొక కట్టడిని ఏర్పరచుకోవలసిన పని జరగలేదన్నది వాస్తవం.

ఈ నేపథ్యంలోనే సిరిసిల్ల అనుభవాన్ని చూడాలి. మధ్య మానేరు జలాశయం నిండడం, చెరువులు కాలువ నీటితో నిండడం, వానలు అనుకూలించడం ఒక్కసారిగా కలిసిరాగా, రాజన్న సిరిసిల్ల జిల్లాలో భూగర్భ నీటిమట్టం సగటున ఆరు మీటర్ల మేర పెరిగినట్టు 2020లో వెల్లడైంది. ముస్సోరీలోని ఐఏఎస్ శిక్షణ అకాడమీలో దీన్ని పాఠంగా చెప్పనున్నారన్న వార్త ఆ జిల్లాకు గర్వకారణమైంది. ఏళ్ల తరబడి ఎండిన బావుల్లో చేతికందే ఎత్తున నీరు నిలవడం చిన్న సంగతి కాదు, ఆ సంతోషం న్యాయమైనది. అయితే పైన వేసిన లెక్క ప్రకారం ఆ ఆరు మీటర్లు ఎకరానికి అయిదు లక్షల లీటర్ల లోపే. పది ఎకరాల కింద పెరిగిన నీరంతా కలిపితే ఒక ఎకరం యాసంగి వరికి పంటకాలమంతా పెట్టే నీటికి సరిపోతుంది. పెరిగిన నీటితో పాటే వరి విస్తీర్ణమూ పెరిగింది. 2023 అక్టోబరులో గోదావరి మీది మేడిగడ్డ బరాజు పియర్లు కుంగి అక్కడి ఎత్తిపోతలు ఆగిపోయాయి, ఆ ఏడాది వానలూ సరిగా లేవు. 2024 వేసవి వచ్చేసరికి సిరిసిల్ల, కరీంనగర్, జనగామ ప్రాంతాల్లో పొట్టకొచ్చిన వరి ఎండిపోయింది, పశువులను పొలాల్లోకి వదిలిన దృశ్యాలు మళ్లీ కనిపించాయి. పైనుంచి నీరు తెచ్చి నింపడం ఒక పని, నిండినదాన్ని నిలుపుకోవడం మరొక పని. రెండోదాన్ని చేయకుండా మొదటిదాన్నే విజయమనుకోవడం వల్ల ఆ ఆరు మీటర్లు ఒక పంటకాలపు తప్పిదానికి తట్టుకోలేకపోయాయి.

ఇదే ప్రశ్న సముద్రతీరంలో మరింత కఠినంగా ఎదురవుతుంది కనుక అటువైపు ఒకసారి చూడడం అవసరం. తీరంలోని ఇసుకల్లో వాననీరు ఉప్పునీటి కంటే తేలికగా ఉండి దానిమీద తేలుతూ నిలుస్తుంది. మంచినీటిమట్టం సముద్రమట్టం కంటే మీటరు ఎత్తున ఉంటే దాని కింద దాదాపు 40 మీటర్ల లోతువరకు మంచినీరు ఉంటుందని జలశాస్త్రం చెబుతుంది. ఈ సూత్రానికి రెండో వైపూ ఉంది: తోడడం వల్ల మంచినీరు మీటరు దిగితే, కింద ఉప్పునీరు అంతకు నలభై రెట్లు పైకి రావడానికి దారి తెరుచుకుంటుంది. బాపట్ల, చీరాల ప్రాంతాల రైతులు ఈ సంగతిని పుస్తకాలకు ముందే అనుభవంతో గ్రహించి, ఇసుకలో లోతులేని గుంటలు తవ్వి, ఊరిన పలచని మంచినీటిని కుండలతో ముంచి కూరగాయలకూ నారుమళ్లకూ పోసేవారు. ఆ గుంటలను దొరువులంటారు. మోటరు పెట్టి ఒకేచోట గట్టిగా లాగితే ఉప్పు ఎక్కుతుంది కాబట్టి, బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ పాత పద్ధతినే మెరుగుపరచి, చిల్లులున్న పైపులను ఇసుకలో కొద్ది లోతున అడ్డంగా పరచి, వాటి నుంచి ఒక తొట్టెలోకి నీరు చేరేలా చేశారు; దీనివల్ల లోతుకు పోకుండా విశాలమైన స్థలంలో పైపైన ఉన్న మంచినీటిని మాత్రమే తీసుకోవడం సాధ్యపడింది. ఈ జాగ్రత్త లేనిచోట ఏమవుతుందో చెన్నైకి ఉత్తరాన ఉన్న మీంజూరు చూపుతుంది. 1960ల చివరి నుంచి నగరానికీ పరిశ్రమలకూ అక్కడ విస్తారంగా తోడడంతో సముద్రపు నీరు కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది, 1987లో చెన్నై మహానగర ప్రాంతానికి ప్రత్యేక భూగర్భజల చట్టం తేవలసి వచ్చింది, అయినా ఉప్పెక్కిన పొర తిరిగి తీపెక్కడం ఒకటి రెండు వానాకాలాలతో అయ్యే పని కాలేదు.

జగిత్యాలకు సముద్రం లేదు కనుక ఆ ముప్పు లేదనుకోవడం సగమే నిజం. గట్టి రాతి ప్రాంతాల్లో లోతైన పగుళ్లలో ఎక్కువ కాలం రాతిని ఒరుసుకొని ఉన్న నీటిలో ఫ్లోరైడ్ పెరిగే అవకాశం ఎక్కువ. దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొట్టమొదట 1937లో గుర్తించింది కూడా అప్పటి నెల్లూరు జిల్లాలోని తెలుగు పల్లెల్లోనే, నల్లగొండ పల్లెలు దాని ఫలితాన్ని తరాల తరబడి భరించాయి. అయితే ఈ నేలకు ఒక మేలు ఉంది. చిన్న నీటిపొర తొందరగా ఖాళీ అయినట్టే తొందరగా నిండుతుంది. తీరంలో దశాబ్దాలు పట్టే కోలుకోవడం ఇక్కడ ఒకటి రెండు మంచి వానాకాలాలతో జరుగుతుంది. సిరిసిల్ల చూపిన నిజమైన పాఠం ఇదే, ప్రయత్నం వృథా పోదన్న భరోసా ఇక్కడి రైతుకు ఉంది.

నింపే మార్గాల్లో తెలంగాణకు చెరువును మించినది లేదు. కాకతీయుల కాలం నుంచి వాలు వెంట ఒకదాని మత్తడి నీరు మరొకదానిలోకి పారేలా కట్టిన గొలుసు చెరువులు తూము కింది పొలాలను తడపడమే గాక, కట్ట దిగువ బావుల్లో ఊటను నిలబెట్టాయి. భూగర్భజలాల అంచనాకు దేశమంతటా పాటించే లెక్కలో, చెరువు నీరు విస్తరించిన ప్రాంతంలో రోజుకు సగటున 1.4 మిల్లీమీటర్ల నీరు ఇంకుతుందని తీసుకుంటారు. నెలల తరబడి నిలిచే నీటికి ఇది పెద్ద మొత్తమే. అడుగున మెత్తటి ఒండ్రు పేరుకొంటే ఇంకడం తగ్గుతుంది గనుక, 2015 మార్చిలో మొదలై 46 వేలకు పైగా చెరువులు, కుంటల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకొన్న మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు చల్లుకోవడం రెండు విధాలా మేలు చేసే పని. వాగుల్లోని ఇసుక గురించి కూడా ఇంతే శ్రద్ధ ఉండాలి. మానేరులో, మూలవాగులో మీటర్ల మందాన ఉన్న ఇసుక వాన వెలిసిన తర్వాత కూడా నీటిని పట్టి ఉంచి ఒడ్డు బావులకు వదులుతుంది, దాన్ని లారీలకు ఎత్తి రాయి తేలేదాకా తవ్వితే ఆ వాగు వరద పోయిన వారానికే ఎండుతుంది, ఎన్ని చెక్‌డ్యాములు కట్టినా ఆ నష్టం పూడదు.

నింపడం కంటే తోడడాన్ని అదుపు చేయడమే కష్టమైన పని, ఇక్కడ ఒక పొరపాటు ఆలోచన తరచుగా వినవస్తుంది. మడిలో నిలువ నీరు పెట్టడం వృథా అనీ, డ్రిప్పు పెడితే నీరు మిగులుతుందనీ చెబుతారు. మడిలో ఇంకిన నీరు ఆ ఊరి నీటిపొరకే తిరిగి చేరుతుంది. దానివల్ల పోయేది మోటరు నడిపిన కరెంటు. తిరిగి రాకుండా పోయేది ఆవిరైన నీరు, ఆకుల ద్వారా గాలిలో కలిసిన నీరు. డ్రిప్పుతో మిగిలిందనుకొన్న నీటితో మరో ఎకరం సాగు చేస్తే ఆవిరయ్యే నీరు పెరుగుతుందే గాని తగ్గదు. కాబట్టి అసలు ప్రశ్న ఏ పంట, ఏ కాలంలో, ఎన్ని ఎకరాలు అన్నది. మార్చి, ఏప్రిల్ ఎండల్లో మడిలో నీరు నిలబెట్టిన వరికి ఆవిరి రూపంలో పోయే నీరు అత్యధికం. అదే యాసంగిలో మక్కకు వరి నీటిలో దాదాపు సగం, నువ్వుకూ పెసరకూ నాలుగోవంతు సరిపోతుంది. జగిత్యాల పక్కనే ఉన్న పొలాస పరిశోధన స్థానం పేరు ‘జగిత్యాల సన్నాలు’ వంటి వరి రకాలతో ఎక్కువమందికి తెలిసినా, నువ్వు రకాలను అందించడంలోనూ దాని కృషి ఉంది. వరి తప్పని చోట, చిల్లులు పెట్టిన చిన్న పైపు ముక్కను మడిలో పాతి, అందులో నీరు మట్టికి 15 సెంటీమీటర్ల దిగువకు పోయిన తర్వాతే మళ్లీ తడి పెట్టే పద్ధతి మోటరు గంటలనూ కొంత ఆవిరినీ తగ్గిస్తుంది.

వరిని వదలకపోవడం రైతు మొండితనం వల్ల అనుకోవడం అన్యాయం. కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు నమ్మకంగా అమ్ముడుపోయే పంట వరి ఒక్కటే అయినప్పుడు, కోతుల బెడద లేని పంటా అదే అయినప్పుడు, అప్పులో ఉన్న రైతు దాన్నే ఎంచుకుంటాడు. 2021-22 యాసంగిలో వడ్లు కొనబోమన్న ప్రకటన వరి విస్తీర్ణాన్ని తగ్గించగలిగింది గాని, నువ్వునూ పెసరనూ అదే ధీమాతో కొనే ఏర్పాటు వెంట రాకపోవడంతో రైతులు మళ్లీ వరికే వచ్చారు. నేల కింది నీటిని కాపాడే విధానం అన్నిటికంటే ముందు మార్కెట్ యార్డులో మొదలుకావాలి.

చట్టం లేకపోలేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, వాల్టాగా అందరికీ తెలిసినది, కొత్త బోరుకు అనుమతి ఉండాలనీ, తాగునీటి బావికి 250 మీటర్ల లోపు బోరు వేయరాదనీ చెబుతుంది. ఏటా చేరే నీటిలో 70 శాతం దాకా తోడే ప్రాంతాన్ని సురక్షితమనీ, 90 దాటితే క్లిష్టమనీ, 100 దాటితే అతివినియోగమనీ కేంద్ర భూగర్భజల మండలి, రాష్ట్ర శాఖ కలిసి వర్గీకరిస్తాయి, ఆ చివరి వర్గపు గ్రామాల్లో కొత్త బోర్లపై నిషేధం ఉంటుంది. కాని రాత్రికి రాత్రి వచ్చి తెల్లవారేలోగా పని ముగించే రిగ్గు బండిని మండల కార్యాలయం ఆపగలిగిన సందర్భాలు తక్కువ. పంజాబ్ 2009లో మరో దారి ఎంచుకొంది. ఎండలు మండే వేళ వరి నాట్లు పడకుండా జూన్ 10కి ముందు నాటు వేయరాదని చట్టం చేసింది, ఇది బోర్లను లెక్కించే పని లేకుండా ఆవిరిని నేరుగా తగ్గించే ఆలోచన.

చట్టం కంటే లోతుగా పనిచేసిన ప్రయోగం తెలుగునేల మీదే జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో 2000ల దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో, వాటిలో మహబూబ్‌నగర్, నల్లగొండ, తీరాన ఉన్న ప్రకాశం కూడా ఉన్నాయి, దాదాపు 640 పల్లెల్లో రైతులే వానను కొలిచారు, ఎంచుకొన్న బావుల్లో 15 రోజులకొకసారి తాడు దించి నీటిమట్టం రాసుకొన్నారు, వానాకాలం ముగియగానే ఊరంతా కూర్చొని ఎంత నీరు చేరింది, యాసంగిలో ఎవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయదలిచారు, దానికెంత నీరు కావాలి అని గోడ మీద లెక్క వేశారు. నిర్బంధం ఎవరి మీదా లేదు. లోటు ఎంతో కళ్లెదుట తెలిసినప్పుడు పంట మార్చుకొనే నిర్ణయం రైతే తీసుకొన్నాడు. పథకం నిధులు ఆగిన తర్వాత ఆ సంఘాలు అన్ని చోట్లా అదే పట్టుతో నిలవలేదన్నది నిజమే, ఆ పనిని గ్రామ పంచాయతీ బాధ్యతల్లో ఒకటిగా నిలపకపోవడమే అందుకు ముఖ్య కారణంగా తోస్తుంది. మహారాష్ట్రలోని హివరే బజార్‌లో పంచాయతీయే ఈ లెక్కను ఏటా వేస్తూ, సాగుకు బోర్లు వేయరాదనీ, చెరకు వేయరాదనీ కట్టుబాటు పెట్టుకొని దశాబ్దాలుగా నిలబెట్టుకొంది. ఇటువంటి గ్రామస్థాయి ప్రణాళికలకు కేంద్రం తెచ్చిన అటల్ భూజల్ పథకం ఏడు రాష్ట్రాలకే పరిమితమై, అందులో తెలంగాణకు గాని ఆంధ్రప్రదేశ్‌కు గాని చోటు దక్కలేదు కనుక, ఈ పనిని ఇక్కడ మనమే మొదలుపెట్టుకోవాలి.

అందుకు కావలసిన సమాచారం కొంత ఇప్పటికే ఉంది. భూగర్భజల శాఖ ప్రతి జిల్లాలోనూ పరిశీలక బోర్లు ఏర్పాటు చేసి నెలనెలా నీటిమట్టం నమోదు చేస్తుంది, వాన ముగిసిన తర్వాత నవంబరు కొలతను మే నెల కొలతతో పోల్చితే ఆ ఏడాది ఎంత నీరు చేరిందో తెలిసిపోతుంది. బీర్పూర్ వంటి మండలంలో ఆ అంకెలకు ఊరిలోని అయిదారు బావుల కొలతలను కలిపి, రోళ్లవాగు నుంచీ కాలువ నుంచీ ఆ యాసంగికి అందగల నీటిని పక్కన రాసి, గ్రామసభలో చదివి వినిపించడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఆ సభ నవంబరు రెండో వారం దాటకుండా జరగాలి. ఆ తర్వాత నారుమళ్లు పోయడం మొదలవుతుంది, నారు పోసిన రైతును నాటు వేయవద్దనడం ఎవరి తరమూ కాదు.